ఖాళీ గడిలో కత్తెర

నా దుకాణంలో కంప్యూటర్ తెర కింద ఒక చీటీ అంటించి ఉంటుంది. "సీజన్‌ల మిషన్ ముట్టొద్దు" అని లావుపాటి అక్షరాలతో నేనే ప్రింటు తీసి పెట్టాను. పెళ్ళిళ్ళ సీజన్ కానీ, పసుపు సీజన్ కానీ, ఎలక్షన్ల సీజన్ కానీ, పని నెత్తి మీద కూర్చున్నప్పుడు మిషన్‌లో కొత్తది ఎక్కించకూడదు, ఉన్నది తీసెయ్యకూడదు. నడుస్తున్న దాన్ని నడవనివ్వాలి. ఇంతకంటే తేలిక మాట ఏముంటుంది? మా ఇంట్లో చదువు రానివాళ్ళెవరూ లేరు. చదివి కూడా ఖాతరు చేయని మనిషి మాత్రం ఒకడున్నాడు. ఏం చేస్తాం, ఆయన్నే కట్టుకున్నాను.

మా దుకాణం ఆర్మూర్ పసుపు యార్డు వెనక గల్లీలో ఉంటుంది. పెళ్ళిపత్రికలు, కమీషన్ దుకాణాల బిల్లు బుక్కులు, గల్ఫ్ పోయేవాళ్ళ బయోడేటాలు, అన్నీ నేనే కొట్టి ఇస్తాను. పక్కన పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే మిల్లు ఉంది. దాని దుమ్ముకి తెల్ల కీబోర్డు కూడా కొన్నాళ్ళకే పచ్చబడుతుంది. తుడిచి తుడిచి విసుగొచ్చి మానేశాను. టేబుల్ మీద చెయ్యి పెట్టిన గిరాకీలు పచ్చబడ్డ వేళ్ళు చూసుకుని నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం!

ఒకప్పుడు అందరిలాగే ఎవరి దగ్గరో కాపీ కొట్టి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌తో పేజీలు కట్టేదాన్ని. కొత్త కంప్యూటర్ కొన్నాక అది మొండికేసింది. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడేవి. పెళ్ళికొడుకు పేరు కింద తోక వేలాడుతుంటే ఎవరు ఊరుకుంటారు? అప్పుడు స్క్రైబస్ అనే సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. ఉచితం. ఎవరైనా దించుకోవచ్చు. వీడియోలు చూసి, తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ నేర్చుకున్నాను. అయితే దానికొక తిరకాసు ఉంది. కొన్ని రకాల బొమ్మలను అది సొంతంగా తెరవలేదు. గోస్ట్‌స్క్రిప్ట్ అని ఇంకో చిన్న ప్రోగ్రాంను వేరేగా ఎక్కించుకోవాలి, అది ఎక్కడుందో స్క్రైబస్‌కు చెప్పుకోవాలి. పెళ్ళి వంటల్లో మసాలా నూరే మనిషి లాంటిదన్నమాట. వడ్డించేటప్పుడు ఎవరికీ కనపడదు. రాకపోతే మాత్రం బంతి కూర్చోదు. నా దగ్గరున్న బొమ్మలన్నీ, గణపతులు, తోరణాలు, ఎలక్షన్ గుర్తులు, పాత ప్రెస్సు నుంచి తెచ్చుకున్నవి. అవన్నీ ఆ రెండోది లేనిదే కళ్ళు తెరవని రకం.

ఆ చలికాలం పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. సర్పంచ్ ఎలక్షన్లలో పార్టీ గుర్తులు ఉండవు. నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు దాటాక, మిగిలినవాళ్ళను పిలిచి, పేర్ల వరుసలో ఆఫీసరు గుర్తులు పంచుతాడు. అప్పటిదాకా ఎవరికి ఏది వస్తుందో తెలియదు. అందుకే మేము పాంప్లెట్లు ముందే తయారు చేసి, గుర్తు ఉండాల్సిన గడి ఖాళీగా పెట్టుకుంటాం. గుర్తు తెలియగానే గడిలో బొమ్మ వేసి, ప్రింటు కొట్టేయడమే.

అట్లా ఖాళీ గడితో నా మిషన్‌లో ఉన్న పాంప్లెట్లలో ఒకటి ముప్కాల్ దిక్కు ఊరి ఆడమనిషిది. బీడీలు చేస్తుంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను. వాళ్ళ ఊళ్ళో సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్ళకు వచ్చింది. కానీ ఆ ఊళ్ళో ఓటు పడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఊరి కమిటీ పెద్దమనుషులు కూర్చుని ఒకరి పేరు చెబుతారు, మిగతావాళ్ళు నామినేషన్ వెనక్కి తీసుకుంటారు, ఏకగ్రీవం అని డప్పు కొట్టిస్తారు. కాదన్నవాళ్ళతో ఊరు మాట్లాడదు. ఒకసారి బోరు నీళ్ళ దగ్గర పెద్దమనుషులను ఎదిరించి అడిగినందుకు ఈమెకు కొన్నాళ్ళు ఊళ్ళో ఉప్పు కూడా అమ్మలేదట. పక్క ఊరి నుంచి తెచ్చుకుని తిన్నారట.

"నువ్వు గెలుస్తవా చెల్లె?" అని మొదటిరోజే అడిగాను.

"గెలుస్తనో లేదో నాకు దెల్వదక్కా. మా ఊళ్ళె ఓటు పడాలె. గా దినాల్ల నాకు ఉప్పు అమ్మనోళ్ళు ఎంతమంది నిజంగ నా మీద కోపంతోని అమ్మలేదో, ఎంతమంది కమిటీకి బుగులుపడి, భయంతోని అమ్మలేదో నాకు ఎరుక గావాలె. ఓటేస్తెనే ఎరుకైతది."

నాకైతే అంత మాట తట్టేది కాదు. ఊళ్ళోవాళ్ళను బూతులు తిట్టి ఊరుకునేదాన్ని.

గుర్తులిచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆ ఊరి కమిటీ పెద్దమనిషి నా దుకాణానికి వచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద కండువా. ఆమె నా గిరాకీ అని ఆయనకు తెలియదు. తమ అభ్యర్థి ఫొటో నా ముందు పెట్టి, "గ్రామ ఏకగ్రీవ అభ్యర్థికి శుభాకాంక్షలు అని పెద్ద పోస్టర్లు కొట్టియ్యమ్మా. సాయంత్రం వరకు గావాలె," అన్నాడు.

"గుర్తు అక్కర్లేదా అన్నా?"

"ఏకగ్రీవానికి గుర్తెందుకమ్మా? ఇంకొకామె ఉన్నది గని, మధ్యాహ్నం వరకు ఎనక్కి తీసుకుంటది. తీసుకోకుంటే గూడ ఫికర్ లేదు. సాయంత్రం చాటింపు ఏస్తం, రాజీ పడ్డదని. డప్పు పడ్డంక, ఓటింగు పెట్టినా ఇగ ఊళ్ళె ఆమె దిక్కు ఎవరు చూస్తరు?"

ఆమె బతికుండగానే ఆమె మాట వీళ్ళు డప్పు మీద చెప్పేస్తారా! కానీ దుకాణం తెరిచి కూర్చున్నాక అందరి పనీ చేయాలి. సరే అన్నాను. ఫొటో పెట్టి, అక్షరాలు పేర్చి, పెద్ద పోస్టర్లు నా దగ్గర పడవు కనుక చౌరస్తా దగ్గరున్న ఫ్లెక్సీ దుకాణానికి పోయి నిలబడి కొట్టించాను. వెళ్ళేముందు ఆమెకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"సాయంత్రం బీడీలు అప్పజెప్పనీకి ఆడోళ్ళందరు కార్ఖానా కాడికి వస్తరక్కా. డప్పు గంతకంటె ముందు గొట్టరు. గాడికి నా కాగితం చేరాలె, అక్షరం రానోళ్ళకు గుర్తు చూపెట్టాలె. చూసినంక రాజీ పడ్డదంటె ఎవరు నమ్ముతరు? ఊళ్ళె నాకు మైకు ఇయ్యరు, ఆటో ఇయ్యరు. నాకున్నది గా కాగితమే."

"నువ్వు గుర్తు తీసుకొని రా. నిమిషంల కొట్టిస్త," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు.

నేను ఫ్లెక్సీ దుకాణంలో ఉన్నప్పుడు మా ఆయన నా కుర్చీలో కూర్చున్నాడు. ఆయన గల్ఫ్‌లో ఒక గోదాంలో స్టోర్ చూసి వచ్చిన మనిషి. కొత్త సరుకు రాగానే పాత సరుకు బయటికి పోవాలి, అది అక్కడి పద్ధతి. ఇంటికి తిరిగొచ్చినా ఆ పద్ధతి ఒంట్లోంచి పోలేదు. కొత్త బిందె కొంటే పాత బిందె మాయమవుతుంది. కొత్త చెప్పులు తెస్తే పాత చెప్పులు చెత్తబండి ఎక్కుతాయి. నాకు ఎన్నిసార్లు మండిందో ఆ మనిషికి లెక్కే లేదు.

ఆమె మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఆటో దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. భుజాన బీడీల సంచి, చేతిలో ఆఫీసు చీటీ. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, కత్తెర వచ్చింది! పొద్దుమాపు చేతుల ఉండేదే వచ్చింది సూడు!"

బీడీ ఆకు కత్తిరించేది కత్తెరతోనే కదా. నాకూ సంబరమైంది. "కూసో చెల్లె," అని స్టూల్ జరిపి, స్క్రైబస్ తెరిచాను. తెరవగానే ఇంగ్లిష్‌లో ఏదో మాట వచ్చింది. హడావిడిలో చదవకుండా ఓకే నొక్కి పడేశాను. పాంప్లెట్ తెరుచుకుంది. ఆమె ఫొటో, దండం పెట్టిన చేతులు, పేరు, కింద ఖాళీ గడి. గుర్తుల ఫోల్డర్‌లోంచి కత్తెర తీసి గడిలో వేశాను.

గడి ఖాళీగానే ఉంది.

మళ్ళీ వేశాను. ఖాళీ. ఫైలు పాడైందేమో అనుకుని ఉంగరం వేసి చూశాను. ఖాళీ. బ్యాటు, ఖాళీ. పెళ్ళిపత్రిక ఒకటి తెరిచి చూస్తే గణపతి లేడు, తోరణం లేదు, అక్షరాలు మాత్రం దిక్కులేనట్టు నిలబడి ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"ఏం గాలేదు, జర ఆగు," అన్నాను.

మా ఆయన లోపలి గదిలో కాగితాలు సర్దుతున్నాడు. "ఏమయ్యా, నా మిషన్ ముట్టినవా?" అని కేకేశాను.

ఆయన నవ్వు మొహంతో బయటికొచ్చాడు. మెచ్చుకుంటాననుకున్నాడు పాపం. "గా గోస్ట్‌స్క్రిప్ట్ పాతదైంది, దొంగలు చొరబడే సందున్నది, అప్‌డేట్ చెయ్యాలె అని నెట్‌ల రాసిన్రు చూసిన. కొత్తది ఎక్కిచ్చిన. చూస్తె కొత్తది ఒకటి, పాతది ఒకటి, రెండున్నయి. పాతది తీసేసిన."

"పాతది ఎందుకు తీసినవ్?"

"కొత్తది వచ్చినంక పాతదెందుకే?"

"నీ గోదాము బంగారం గానూ! గీ చీటీ నీ కంటికి ఆనలేదా? ముట్టొద్దంటె ముట్టొద్దని! ఎలక్షన్ల సీజన్ల, అదీ గుర్తులిచ్చే దినం! నా బిందెలు తీసినవ్, నా చెప్పులు తీసినవ్, గిప్పుడు గీమె బతుకు తీస్తవా?" అని అరిచాను. గల్లీలో పోయేవాళ్ళు ఆగి చూశారు. చూడనీ!

ఆయన గబగబా కుర్చీ లాక్కున్నాడు. "పాతది మళ్ళ ఎక్కిస్త ఆగు," అని ఫోన్ నెట్ కలిపి దించడం మొదలుపెట్టాడు. తెర మీద గీత నత్తలా పాకింది. కొంచెం పాకి ఆగింది. మళ్ళీ పాకింది. ఆమె ఆ గీతనే చూస్తూ కూర్చుంది. బయట ఎండ గోడ మీంచి దిగిపోతోంది. కార్ఖానా దగ్గరికి ఆడవాళ్ళు బయల్దేరే వేళ దగ్గర పడుతోంది.

ఆమె ఫోన్ మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది.

"ఎవరు చెల్లె?"

"మా ఆయననే. కమిటీవాళ్ళు గల్ఫ్‌కు గూడ ఫోన్ జేసిన్రట, పొద్దుగాల చెప్పిండు. ఎందుకు గెలుక్కుంటున్నవ్, ఇడిసిపెట్టు అంటడు. ఇప్పుడు ఎత్తితె నేను ఏడుస్త. ఏడ్వద్దు." ఫోన్‌ను సంచిలో అడుగున పెట్టేసింది. సంచిలోంచి కూడా అది మోగుతూనే ఉంది.

నేను ఫోన్‌లో కత్తెర బొమ్మల కోసం వెతికాను. దర్జీ కత్తెరలు, మంగలి కత్తెరలు, పూలు కోసే కత్తెరలు, రంగురంగులవి బోలెడొచ్చాయి. ఒక్కటీ ఎలక్షన్ కత్తెర కాదు. ఆమె ఆఫీసు గోడ మీది గుర్తుల కాగితాన్ని ఫొటో తీసుకొచ్చింది కానీ, ట్యూబులైటు వెలుగు సరిగ్గా కత్తెర మీదే పడింది. ప్రింటు తీసి చూస్తే నల్ల మరక లాగా వచ్చింది.

మా ఆయన గొంతు తగ్గించుకుని అన్నాడు: "నీ సంచిల కత్తెర ఉన్నది గదమ్మా. గదాన్నే స్కానర్ మీద పెడితె? నీ సొంత కత్తెర, మంచిగుంటది గద."

నిజం చెప్పాలంటే నాకూ బాగానే అనిపించింది. ఆమె సంచిలోంచి కత్తెర తీసింది. వేళ్ళు కోసుకోకుండా పిడికి పాత చీర పేలిక చుట్టి ఉంది, ఆకు పసరుతో నల్లబడి ఉంది. దాన్ని చేతిలో తిప్పి చూసి, మళ్ళీ సంచిలో పెట్టేసింది.

"వద్దన్నా. గిది నా ఇంట్ల కత్తెర. ఓటు కాగితం మీద ఉండేది గిది గాదు, గది వేరే తీరుగుంటది, నోరు తెరుచుకొని. మావోళ్ళల్ల సగం మందికి అక్షరం రాదు. నేను చూపెట్టిన బొమ్మ ఒకటి, లోపట చూసేది ఒకటి అయితె, ఆగమై గా ఎదురామెకు వచ్చిన ఉంగరం మీద గుద్దొస్తరు. నాకు గా గోడ మీదిదే గావాలె."

ఆ మాట ముందు మా ఇద్దరి తెలివీ ఎందుకూ కొరగాలేదు. నేను మళ్ళీ తెర వైపు తిరిగాను.

సరిగ్గా అప్పుడే కమిటీ పెద్దమనిషి పోస్టర్ల కోసం వచ్చాడు. గడపలో కాలు పెడుతూనే స్టూల్ మీద ఆమెను చూశాడు. ఆమె కొంగు సర్దుకుంది కానీ లేవలేదు. వాళ్ళ ఊళ్ళో అయితే లేచి పక్కకు నిలబడాల్సిన వేళ అది.

"గీడున్నవా?" అన్నాడు ఆయన. తెర వైపు చూశాడు. ఆమె ఫొటో, పేరు, కింద ఖాళీ గడి. నవ్వొచ్చింది ఆయనకు. "గుర్తు లేని కాగితం ఎవరికి చూపిస్తవమ్మా? పొద్దు గూకుతుంది. ఇంటికి పో. ఇంకో తడవ చూద్దం తియ్, నీకే ఇస్తం."

"నాకు ఎవరన్న ఇస్తె వద్దు పెద్దనాయినా. ఓటేస్తె గావాలె," అంది ఆమె.

ఆయన పోస్టర్లు చంకలో పెట్టుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు తెలిసినదానివి గదమ్మా. మా ఊరి పెళ్ళి కార్డులన్ని నీ కాడికే వస్తయి. ఏ కాగితం మీద నీ దుకాణం పేరుంటదో జర చూసుకో."

పాంప్లెట్ అడుగున అచ్చు వేసినవాళ్ళ పేరు ఉండి తీరాలి, అది రూలు. ఆయన నాకు చెప్పిన మాట అర్థమైంది. నాకు భయం వేయలేదని కోతలు ఎందుకు కొయ్యాలి, వేసింది. వాళ్ళ ఊరి పెళ్ళిళ్ళతోనే నా ఎండాకాలం గడుస్తుంది. కానీ భయం కంటే ముందు కోపం వచ్చేసింది. నా స్వభావమే అంత.

"చూసుకుంటనన్నా. పేరు కొంచెం చిన్నగున్నట్టున్నది, పెద్దగ చేస్త," అన్నాను.

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె గడప దాకా పోయి మోటర్ సైకిల్ ఎటు తిరిగిందో చూసింది.

"గాయన సక్కగ ఊళ్ళెకే పోతుండు," అంది ఆమె. "పోంగనె డప్పాయనను పిలుస్తడు."

దించుతున్న గీత మళ్ళీ ఆగింది. దాన్ని నమ్ముకుంటే అయ్యే పని కాదని తేలిపోయింది. నేను స్క్రైబస్ మూసి, మళ్ళీ తెరిచాను. ఇందాకటి ఇంగ్లిష్ మాట మళ్ళీ వచ్చింది. ఈసారి ఓకే నొక్కకుండా ఒక్కో అక్షరం చదివాను. గోస్ట్‌స్క్రిప్ట్ కనపడటం లేదు, ఈ రకం బొమ్మలు పని చేయవు అని ఉంది. అయ్యో నా బుద్ధి మండ! అది మొదటే చెప్పింది కదా. నేనే నోరు మూయించాను.

కనపడటం లేదు అంటే? కొత్తది ఉంది కదా మిషన్‌లో. అప్పుడు వెలిగింది. మొదట్లో ఎక్కించినప్పుడు అది ఎక్కడుందో నేనే చేత్తో చూపించాను. కొత్త వర్షన్ వేరే పేరుతో వేరే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. స్క్రైబస్ ఇంకా పాత ఇంటి తలుపే కొడుతోంది. ఆ ఇంటిని ఈ మహానుభావుడు కూలగొట్టాడు.

"కొత్తది ఎక్కడ పెట్టినవయ్యా?"

"అదే పెట్టుకున్నది. నేనేం పెట్టలె."

ప్రిఫరెన్సెస్ అనే సెట్టింగుల పేజీ తెరిచాను. ఎక్స్‌టర్నల్ టూల్స్ అనే చోట పాత దారి అట్లాగే ఉంది. దాన్ని చెరిపి, కొత్త ఫోల్డర్ వెతికి, లోపల ఇంకో ఫోల్డర్ తెరిచి, గోస్ట్‌స్క్రిప్ట్ మీద నొక్కి సరే అన్నాను. కత్తెర వేశాను. తెర మీద తెల్లటి కిటికీ ఒకటి తెరుచుకుని, ఏదో రాసుకుని, నా మొహం చూస్తూ నిలబడిపోయింది. కదలదు. మూస్తే మళ్ళీ తెరుచుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. టేబుల్ మీద గుద్దితే పసుపు దుమ్ము లేచింది.

"అక్కా, ఇంక ఎంతసేపైతది?" అని ఆమె మెల్లగా అడిగింది. తొందరపెట్టలేదు. అందుకే ఇంకా కష్టమనిపించింది.

మా ఆయన నా భుజం మీంచి వంగి చూశాడు. "గా ఫోల్డర్ మళ్ళ తెరువు. గాడ ఒక్క తీరుగ రెండున్నయి చూడు. ఒకదాని ఎనక సీ అక్షరమున్నది. నువ్వు సీ లేనిది పట్టినవ్."

చూస్తే నిజమే. అన్నదమ్ముల్లా రెండు పేర్లు, ఒకదాని చివర సీ. కిటికీ తెరిచి మన జవాబు కోసం కూర్చునేది ఒకటి, చప్పుడు చేయకుండా పని చేసేది ఇంకొకటి. సీ ఉన్నదాన్ని పట్టుకుని, సరే అని, స్క్రైబస్‌ను మూసి మళ్ళీ తెరిచాను. ఈసారి ఇంగ్లిష్ మాట ఏదీ రాలేదు. పాంప్లెట్ తెరిచాను. గడి మీద నొక్కాను. కత్తెర ఫైలు తీసి వేశాను.

ముందు ఏమీ లేదు. తర్వాత మెల్లగా, నల్లగా, నోరు తెరుచుకుని, కత్తెర వచ్చింది.

ఆమె లేచి తెర దగ్గరికొచ్చింది. "గిదే. గోడ మీదున్నది గిదే," అని కళ్ళు తుడుచుకుంది. ఏడవద్దని ఫోన్ ఎత్తని మనిషి, కత్తెర బొమ్మను చూసి ఏడ్చింది. నాకూ ఆగలేదు. మా ఆయన అటు తిరిగి కాగితాల కట్ట విప్పుతున్నట్టు నటించాడు.

అడుగున నా దుకాణం పేరు ఉన్న వరుస కనపడింది. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత అన్నమాట ప్రకారం దాన్ని కొంచెం పెద్దది చేసి, ప్రింటు ఇచ్చాను. మొదటి కాగితం బయటికొచ్చింది. దాన్ని జిరాక్స్ మిషన్‌లో పెట్టాం. కాగితం ఇరుక్కోవద్దని దేవుళ్ళందరికీ మొక్కాను. వేడివేడి కాగితాలు కట్టలు కట్టి ఆమె సంచిలో కుక్కాం. బీడీల కింద కొన్ని, పైన కొన్ని.

"ఇప్పుడు బస్సు ఏడ దొరుకుతది?" అంది ఆమె.

"బస్సెందుకమ్మా, కూసో," అని మా ఆయన బండి తీశాడు. హైవే ఎక్కి ముప్కాల్ దాకా తోలి, అక్కడి నుంచి లోపలి రోడ్డు పట్టాలి. "మెల్లగ పో," అన్నాను. వెంటనే, "మెల్లగ గాదు, జల్ది పో," అన్నాను. ఆయన నవ్వలేదు. చేసిన ఘనకార్యం ఆయనకు తెలుసు.

వాళ్ళు వెళ్ళాక దుకాణంలో నేను ఒక్కదాన్నే. చేసే పని లేదు. చీకటి పడే వేళ అయింది, మిల్లు ఆగింది. డప్పు ముందా, కాగితం ముందా? ఆ పెద్దమనిషి మోటర్ సైకిల్ ఎప్పుడో వెళ్ళింది. మా ఆయన బండికి వెనక చక్రంలో గాలి తక్కువుంటుంది, ఎన్నిసార్లు చెప్పినా కొట్టించడు. ఇన్ని సందేహాలతో ఒక మనిషి ఎట్లా కూర్చుంటుంది? తెర తుడిచాను. కీబోర్డు తుడిచాను. ఎన్నాళ్ళ నుంచో తుడవని కిటికీ కూడా తుడిచాను.

ఫోన్ మోగింది. ఆమె.

"అక్కా, మాట్లాడకు. ఇను."

మొదట గాలి చప్పుడు. తర్వాత డప్పు. కాగితం కంటే డప్పే ముందు పడింది అనుకున్నాను. డప్పు ఆగింది, ఒక మగ గొంతు చాటింపు వేసింది. ఊరి పెద్దమనుషులు చెప్పేదేమంటే, ఫలానా ఆమె రాజీ పడ్డది, ఊరంతా ఒక్క మాట మీద ఉండాలె. ఆ గొంతు ఇంకా పూర్తి కాకముందే ఒక ఆడగొంతు లేచింది.

"రాజీ పడితె గీ కత్తెరేందిరా? గీ కాగితమేంది?"

ఇంకో గొంతు. "నా చేతుల గూడ ఉన్నది సూడు!"

ఇంకో గొంతు. తర్వాత ఎవరు ఏం అన్నారో తెలియలేదు, కార్ఖానా ముందున్న ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నవ్వులు కూడా వినపడ్డాయి. డప్పు మళ్ళీ ఒకసారి మోగి, మధ్యలోనే ఆగిపోయింది.

"ఇన్నవా అక్కా?" అంది ఆమె. "ఇన్న చెల్లె, ఇన్న," అన్నాను.

మరునాడు దుకాణం తెరిచి ఊడుస్తుంటే మోటర్ సైకిల్ వచ్చి ఆగింది. కమిటీ పెద్దమనిషి. చంకలో నిన్నటి పోస్టర్ల చుట్ట, కట్టిన దారం కట్టినట్టే ఉంది. గొడవకొచ్చాడేమో అనుకుని చీపురు గట్టిగా పట్టుకున్నాను. ఆయన గొడవ పడలేదు. లోపలికొచ్చి, ఆమె కూర్చున్న స్టూల్ మీదే కూర్చుని, ఆఫీసు చీటీ ఒకటి నా టేబుల్ మీద పెట్టాడు.

"గుర్తు తోని పాంప్లెట్లు కొట్టియ్యమ్మా. జర జల్ది గావాలె."

"ఏకగ్రీవం అంటిరి గదన్నా. ఏకగ్రీవానికి గుర్తెందుకు?"

ఆయన కింది గచ్చు వైపు చూశాడు. "ఎలక్షన్ ఉన్నది గదమ్మా," అని గొణిగాడు.

మిల్లు ఇంకా మొదలు కాలేదు. గల్లీ అంతా నిశ్శబ్దంగా ఉంది. అయినా నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.

"ఏమన్నరు? ఇనవడలే."

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"మా ఊళ్ళె ఎలక్షన్ ఉన్నది," అన్నాడు గట్టిగా.

అప్పుడు చీపురు పక్కన పెట్టి, మిషన్ ఆన్ చేశాను.